కాళ్ళు చేసేవాడు రాసిన ధైర్యం పుస్తకం

నాచారం పారిశ్రామికవాడలో ఒక ధర్మసంస్థ నడిపే కృత్రిమ కాళ్ళ వర్క్‌షాపులో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నేను డాక్టర్ని కాను. తెగిపోయిన కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చు మీద ప్లాస్టిక్ తొడుగు చేసి, దానికింద పాదం బిగించి మనిషిని నిలబెట్టడం నా పని. మా నాన్న లాలాగూడ రైల్వే షాపులో ఫిట్టరు. ఆకురాయి పట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నాను, మిగతాది ఇక్కడ నేర్చుకున్నాను. వచ్చినవాళ్ళంతా డాక్టరు సారనే పిలిచేవారు. నేనెప్పుడూ కాదనలేదు, వినడానికి బాగుండేది.

రిటైరయ్యాక ఒక పుస్తకం రాశాను. కాళ్ళు పోయినవాళ్ళకు, ఏళ్ళ తరబడి జబ్బుతో బతుకుతున్నవాళ్ళకు ధైర్యం చెప్పే పుస్తకం. వాళ్ళను ఇదివరకు వికలాంగులనేవారు, ఇప్పుడు దివ్యాంగులంటున్నారు. పేరు మారింది గానీ బస్సు మెట్టు ఎత్తు మాత్రం తగ్గలేదు. ఆ పుస్తకం మా వర్క్‌షాపు వరండాలో బల్ల మీద ఉంటుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల్లో కొందరు చదివి, ఫోన్ చేసి మెచ్చుకున్నారు కూడా. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడనీ.

ఇద్దరు పెద్దలు

నా మొదటి పెద్ద సత్యం గారు. పొట్టి మనిషి, చాదస్తం ఎక్కువ. పేషెంటు లోపలికి రాగానే కుశల ప్రశ్నలు ఉండవు. స్టూలు మీద కూర్చోబెట్టి, పెట్టుడు కాలు విప్పించి, మేజోడు ఊడదీసి, మొండికాలిని రెండు అరచేతులతో పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. కాలు విప్పాక పది నిమిషాల్లో ఎరుపు తగ్గకపోతే తొడుగు తప్పు. దానికింక వాదన లేదు. ఆ ఎర్రమచ్చ ఎక్కడుందో చూసి, తొడుగు లోపల అక్కడే ఆకురాయితో గీకమనేవారు. గీకి తెచ్చాక మళ్ళీ తొడిగి, మళ్ళీ విప్పించి చూసేవారు.

నొప్పి ఉందా అని వాళ్ళనే అడిగితే అయిపోతుంది కదా అని ఒకసారి అన్నాను. "నోటికి మర్యాద తెలుసురా, తోలుకు తెలియదు. తోలును అడుగు" అన్నారు. ఆయనకు రోజుకు రెండు కాళ్ళు ఇవ్వడం కూడా కష్టంగా ఉండేది. పైవాళ్ళకు ఆయన నెమ్మదితనం నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. ఆయన వెళ్ళిపోయిన రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత మేనేజరుగా వచ్చినాయన పేరు రాయను. చెడ్డవాడు కాదు. కారే రేకుల షెడ్డు తీసి స్లాబు వేయించాడు, కొత్త ఓవెన్ తెప్పించాడు, దాతల్ని పట్టుకొచ్చాడు. ఆయన తెచ్చిన పద్ధతుల్లో ఒకటి ఫోటో. కొత్త కాలు తొడుక్కున్నవాళ్ళు నడక నేర్చుకోవడానికి నడుమెత్తున రెండు ఇనుప పైపులుంటాయి. వాటిని చెరో చేత్తో పట్టుకుని అటూ ఇటూ నడుస్తారు. కెమెరా మనిషి ఆ చివర నిలబడి, "పైపులు వదలండి, నవ్వండి" అనేవాడు. ఒక్క క్షణం వదిలేవారు. ఆ క్షణమే ఫోటో. మరుక్షణం చేతులు మళ్ళీ పైపుల మీద పడేవి. గోడ నిండా అవే ఫోటోలు. వాటిలో ఏ ఒక్కరూ దేన్నీ పట్టుకుని ఉండరు. రోజూ చూసి చూసి, నాక్కూడా అవే నిజమనిపించసాగాయి.

జనం పెరిగారు. బయట పదిహేనుమంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరి కాలు విప్పించి పది నిమిషాలు ఎవరు ఆగుతారు? విప్పించడం మానేశాను, అడగడం మొదలుపెట్టాను. నొప్పి ఉందా? లేదు సారు. సరే, మూడు నెలలకు రా. నా తప్పంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

సుగుణమ్మ, భిక్షపతి

సుగుణమ్మది బోడుప్పల్, అసలు ఊరివాళ్ళు. వాళ్ళ భూమి ప్లాట్లయిపోయాక నాచారంలో ఒక మసాలా కంపెనీలో ప్యాకింగు పనికి వచ్చేది. ఎనిమిది గంటలూ నిలబడి చేసే పని. చెప్పులోంచి మేకు దిగితే చూసుకోలేదు. షుగరు ఉంది. పుండు పడి, పాదం కుళ్ళి, మోకాలి కింద కుడికాలు తీసేశారు. నిలబడగలిగితే రమ్మన్నాడు కంపెనీ సూపర్‌వైజరు. అందుకే వచ్చింది మా దగ్గరికి. అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు, భర్త లేడు, మంజుల అని ఒక్క బిడ్డ.

మొదటి రోజే పైపుల మధ్య ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. ముఖంలో చిన్న ముడత లేదు. ముప్పై రెండేళ్ళలో అలాంటి నడక నేను చూడలేదు. నాలుగో వారానికి మళ్ళీ డ్యూటీ ఎక్కింది. ఉప్పల్‌లో బస్సు మారి, దిగి, నడిచి, నిలబడి మళ్ళీ ఇంటికి.

అదే రోజుల్లో ఉప్పల్ నుంచి భిక్షపతి అనే ఆటో డ్రైవరు వచ్చేవాడు. లారీ కింద కాలు నలిగితే మోకాలి కింద తీసేశారు. నాలుగడుగులు వేస్తే కేకలు పెట్టేవాడు. నాకు చిరాకు. ఒకరోజు అందరిముందూ, ఆమెను చూసి సిగ్గు తెచ్చుకో, ఆడమనిషి, నోరెత్తదు అన్నాను.

"ఆమెకు నొస్తలేదు సారు, నాకు నొస్తున్నది. గంతే ఫరక్" అన్నాడు.

అందరం నవ్వాం. భిక్షపతి తర్వాత రావడం మానేశాడు. అతని కార్డు మీద 'శ్రద్ధ లేదు' అని నా చేత్తో రాశాను.

మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. షుగరు ముదిరితే కాళ్ళల్లో నరాలు చస్తాయి, స్పర్శ పోతుంది. నాకూ చెప్పారు. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. తెలియక చేసిన తప్పు కాదని మీకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. కళ్ళముందు ఒక మనిషి నొప్పి లేదంటూ నడుస్తుంటే, ఆ నడక నా పనితనమని నేను మురిసిపోతుంటే, చదువుకున్నది గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నరలో ఆమె చెకప్పుకు రెండుసార్లే వచ్చింది. రెండుసార్లూ అడిగాను. "ఏం లేదు సారు, మంచిగున్నది" అంది. రెండోసారి కాలు విప్పించలేదు సరికదా, హాల్లోకి తీసుకెళ్ళి మిగతావాళ్ళకు నడిచి చూపించమన్నాను. చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పుస్తకం రాయడం

రిటైరైన ఆర్నెల్లకు మేనేజరు కబురు పెట్టాడు. మీ అనుభవమంతా పెట్టి ధైర్యాన్నిచ్చే పుస్తకం ఒకటి రాయండి, సంస్థ తరఫున వేద్దాం అన్నాడు. ఇంట్లో ఖాళీగా ఉన్నానేమో, ఎగిరి గంతేశాను. మూడు నెలలు రాశాను. సంకల్పం, ఆత్మవిశ్వాసం, మొక్కవోని పట్టుదల. ఆకురాయి పట్టిన చేతికి ఆ మాటలు ఎంత తేలిగ్గా వచ్చాయో ఇప్పుడు తలుచుకుంటే రోతగా ఉంది. నా రెండు కాళ్ళూ బల్ల కింద చాపుకుని, కాళ్ళు లేనివాళ్ళు ఎలా బతకాలో చెప్పాను.

మొదటి అధ్యాయం సుగుణమ్మది. నొప్పిని జయించిన మహిళ అన్నాను. ఒక్కరోజు కూడా కాలు పక్కన పెట్టలేదన్నాను. భిక్షపతిని కూడా రాశాను, పేరు లేకుండా, ఎలా ఉండకూడదో చెప్పడానికి.

ఆమె సంతకం, కొత్త ఫోటో కావాలన్నాడు మేనేజరు. ఆమెను చూసి అప్పటికి రెండేళ్ళు దాటింది. బోడుప్పల్ బస్సెక్కాను.

బోడుప్పల్‌లో

కొత్త అపార్ట్‌మెంట్ల వెనక పాత ఊరి సందులో రెండు గదుల ఇల్లు. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కుడికాలు తొడ సగం దాకానే ఉంది.

నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట, "సారు, మీరిచ్చిన కాలు ఖరాబ్ జేసిన. ఏమనుకోకుండ్రి."

మిగతాది మంజుల చెప్పింది. మేజోడు తడిగా ఉంటే చెమటనుకున్నారట. తర్వాత వాసన వచ్చింది. విప్పి చూస్తే తొడుగు అంచు ఎముకకు ఒరుసుకుని, తోలు పోయి, లోపలి దాకా పుండు. జ్వరం వచ్చి దవాఖానాకు పోతే మోకాలి పైకి కోశారు. నేను హాల్లో నడిపించి చప్పట్లు కొట్టించిన రోజుకు సరిగ్గా రెండు వారాల తర్వాత. అంటే ఆ రోజు విప్పించి ఉంటే నా కంటికి కనబడేది. సంచిలో ఉన్న అధ్యాయం బయటికి తీయలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు కింద కూర్చుని ఆమె రెండో పాదం ఎత్తి చూశాను. బొటనవేలి మొదట్లో, అడుగున, వేలి కొస పట్టేంత గుంట. అందులో చిన్న కంకర రాయి ఇరుక్కుని ఉంది. ఎప్పుడు గుచ్చుకుందమ్మా అంటే ఆమెకు తెలియదు. ఆ పాదం మీదే గెంతుతూ వంట చేస్తోంది.

అప్పుడే ఆటో మాట్లాడి తల్లినీ బిడ్డనూ దవాఖానాకు తీసుకెళ్ళాను. పుండు శుభ్రం చేసి డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. ఎముకకు ఇంకా పాకలేదు. మూడు నెలలు ఈ పాదం నేలకు ఆనకపోతే మానుతుంది. ఆనితే ఈ కాలు కూడా ఉండదు. సుగుణమ్మ తలూపింది.

షుగరు వల్ల ఆమెకు స్పర్శ లేదని, అందుకే ఏ పుండూ తెలియలేదని మంజులకు బయట వరండాలో చెప్పాను. సుగుణమ్మకు చెప్పలేదు. కాలు ఖరాబు చేశానని నన్నే క్షమాపణ అడిగిన మనిషి. తప్పు నాదని ఆ ముఖంలోకి చూసి చెప్పే దమ్ము నాకు లేకపోయింది.

వారం వారం వెళ్ళి పుండు చూసేవాణ్ణి. చక్రాల కుర్చీ ఒకటి ఇప్పించాను. నెల తిరిగేసరికి గుంటలో ఎర్రటి కొత్త కండ వచ్చింది, అంచులు దగ్గరపడ్డాయి. ఇన్నేళ్ళలో నేను చూసిన అతి మంచి దృశ్యం అదేనేమో. ఈ కాలు ఉంటుందని గట్టిగా నమ్మాను.

ఆ రోజుల్లోనే ఉప్పల్‌లో భిక్షపతి కనబడ్డాడు. చంక కర్ర పెట్టుకుని టైర్ల పంచర్లు వేస్తున్నాడు. సిగ్గు విడిచి, కాలు చూపించమని అడిగాను. తొడుగు ఎముక మీద ఒత్తిన పాత మచ్చ అలాగే ఉంది. రెండుసార్లు ఆకురాయి పడితే సరిపోయేది. అరిచాడు కాబట్టి, నా మాట వినలేదు కాబట్టి, అతని మోకాలు మిగిలింది. ఆ మాట అతనితో అంటే, టీ తాగుతరా సారు అన్నాడు.

పదహారు పేజీల లెక్క

మేనేజరు దగ్గరికి వెళ్ళి మొదటి అధ్యాయం తీసేయమన్నాను, లేదా దాని చోట జరిగింది రాసిస్తానన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఇది చదివితే రేపు ఎవరైనా కాలు తొడుక్కుంటారా అన్నాడు. ఆమె మన కాలుతో ఏడాదిన్నర ఉద్యోగం చేసింది, ఆ మాట అబద్ధమా అన్నాడు. ఫోటోలో నడుస్తున్నది ఆమె కాదా అన్నాడు. చివరికి, ఒక్క పేజీ అయినా వేయమన్నాను. రోజూ అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోండి, నొప్పి లేదని నమ్మకండి అని. దానికి ఒప్పుకున్నాడు. మొదటి అధ్యాయం పాత ఫోటోతో అలాగే ఉండిపోయింది, ఆమె సంతకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పుస్తకాలు పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చవుతాయట. నా పేజీ ఫారం దాటి పడింది. ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం ఎందుకని ప్రెస్సువాళ్ళు తీసేశారు. ఫోన్ చేసి చెప్పారు. సరే అన్నాను. ఎందుకన్నావని మీరు అడగాలి. వెనక అట్ట మీద నా ఫోటో వేశారు. అప్పటికే నమూనా చూశాను. నాకు బాగా నచ్చింది.

ఏఎస్ రావు నగర్‌లో ఒక హాల్లో పుస్తకం విడుదల చేశారు. అమ్మ తరఫున మంజుల వచ్చి శాలువా, పుస్తకం తీసుకెళ్ళింది. నాకూ శాలువా కప్పారు. తర్వాత ఇక్కడ మాట్లాడండి, అక్కడ మాట్లాడండి అని పిలుపులు వచ్చాయి. నేను వెళ్ళాను. మూడు వారాలు సుగుణమ్మ పాదం చూడటానికి వెళ్ళలేదు. పుండు మానుతోంది కదా అనుకున్నాను. మళ్ళీ అదే తప్పు, చూడకుండా అనుకోవడం.

ఇరవై రెండో రోజున మంజుల ఫోన్ చేసింది. ఆ సమయానికి నేను కీసర దారిలో ఒక కాలేజీలో ధైర్యం గురించి మాట్లాడి వేదిక దిగుతున్నాను.

వార్డులో

జరిగింది ఇది. మంజుల ఇంట్లో ఆ అధ్యాయం చదివి వినిపించింది. పక్కింటివాళ్ళు విన్నారు, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. సందులోవాళ్ళు, మహిళా సంఘంవాళ్ళు, తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు చూడటానికి వచ్చారు. కంపెనీలో కలిసి పనిచేసినవాళ్ళు ఫోటో దిగుదామన్నారు. పగలు మంజుల బట్టల దుకాణంలో డ్యూటీలో ఉండేది. ఎవరు వచ్చినా సుగుణమ్మ చంక కర్ర పట్టుకుని, ఆ పాదం నేలకు ఆనించి లేచి నిలబడింది. నిలబడి నవ్వింది. ఇలా ఎన్నిసార్లో ఆమెకే తెలియదు.

నేను వార్డుకు వెళ్ళేసరికి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. దుప్పటి చదునుగా ఉంది. పుస్తకం తలగడ పక్కనే పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. పాదం ఆనించొద్దని డాక్టరమ్మ చెప్పింది కదా, ఎందుకు లేచావని అడిగాను. గట్టిగానే అడిగాను.

"మీరు గట్ల రాసిండ్రు గద సారు. మంచంల పండుకుంటె బుక్కు అబద్ధమైతదని లేసిన" అంది.

పక్కమంచం ఆమె మెచ్చుకోలుగా చూసింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. అప్పుడైనా ఊరుకోవలసిందో, చెప్పవలసిందో నాకు ఇప్పటికీ తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే మంచిదే. నేను చెప్పాను.

"సుగుణమ్మా, నీకు నొప్పి తెల్వది. షుగరుతోని కాళ్ళల్ల నరాలు సచ్చిపోయినయి. అందుకే ఎంత పుండైనా నీకు తెల్వలే. నేను సూడాల్సి ఉండె, సూడలే. దాన్నే ధైర్యమని రాసిన. తప్పు నాది."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఈ వయసులో కొంత తేలికపడేవాణ్ణి. ఆమె తిట్టలేదు. మంజుల వైపు చూసింది, నీకు ముందే తెలుసా అన్నట్టు. మంజుల తల దించుకుంది. సుగుణమ్మ మెల్లగా అంది.

"గంతేనా సారు? ఇన్ని దినాలు నేనే ఓర్సుకున్ననుకున్న."

గోడవైపు తిరగబోయింది. తనంతట తిరగలేకపోయింది. మంజుల, నేను చెరోవైపు పట్టుకుని తిప్పాం.